కెర్నెల్ కథ: ఒక పాత గుమాస్తా అడిగిన ప్రశ్నలు



ప్రత్యేక సంచికకు ఏదైనా చరిత్ర వ్యాసం రాయమని మన కార్యదర్శిగారు అడిగినప్పుడు, నేను వేతన సవరణ సంఘాల చరిత్రో, మన సంఘం పుట్టుపూర్వోత్తరాలో రాస్తానని వారు అనుకుని ఉంటారు. ఆ రెండూ నాకంటె బాగా తెలిసినవారు మనలో ఉన్నారు. నేను రాయబోయేది కంప్యూటరు లోపల ఉండే ఒక వస్తువు చరిత్ర. దాని పేరు కెర్నెల్. టైపు హయ్యరు పాసై 1972లో ఎల్.డి.సి.గా చేరి, 2008లో పదవీ విరమణ చేసిన నాకు, డెబ్బయి దాటిన తరువాత ఈ పిచ్చి ఎందుకు పట్టిందని మీకు సందేహం రావచ్చు. దానికి కారణం మా మనవరాలు.

మా మనవరాలు ఇంజనీరింగు మూడో సంవత్సరం చదువుతోంది. ఒకరోజు సాయంత్రం కాలేజీ నుంచి ముఖం చిన్నబుచ్చుకుని వచ్చింది. ఏమ్మా అంటే మొదట చెప్పలేదు. వాళ్ళ అమ్మమ్మ కాఫీ ఇచ్చాక చెప్పింది. కెర్నెల్ మీద ప్రాజెక్టు చేద్దామని ఉత్సాహపడి, క్లాసులో లేచి ఏదో ప్రాథమిక ప్రశ్న అడిగిందట. ఆ మాత్రం తెలియనివాళ్ళకు కెర్నెల్ జోలి ఎందుకని అందరి ముందు అన్నారట. పిల్లలంతా నవ్వారట. "ఇంక నేనేమీ అడగను తాతయ్యా" అంది.

ఆ మాట నాకు ఎక్కడో తగిలింది. ఎక్కడ తగిలిందో చివర చెబుతాను. ఆ పూటకు మాత్రం, "అమ్మాయ్, అడగందే అమ్మైనా పెట్టదు. రేపటినుంచి నేను నీ శిష్యుణ్ణి. నాకు ఓనమాలు కూడా రావు కాబట్టి ఎంత చిన్న ప్రశ్న అడిగినా నువ్వు నవ్వకూడదు. నీకు జవాబు తెలియకపోతే ఇద్దరం కలిసి వెతుకుదాం" అన్నాను. అలా రెండు నెలల పాటు సాయంత్రాలు గడిచాయి. ఒక లాంగు నోటుబుక్కు నిండింది. అందులోని సారాంశమే ఈ వ్యాసం.

కెర్నెల్ అంటే ఏమిటి?

నా మొదటి ప్రశ్న ఇది. కెర్నెల్ అంటే గింజలోని పప్పు. బాదంకాయ పగలగొడితే లోపల ఉండేది. కంప్యూటరులో మనకు కనిపించే బొమ్మలు, బొత్తాలు, ఉత్తరాలు రాసుకునే ప్రోగ్రాములు, అన్నీ పైపెంకు. లోపల ఉండి యంత్రాన్ని నడిపించే ప్రోగ్రాము కెర్నెల్.

మన భాషలో చెబుతాను. ట్రెజరీకి వెళ్ళిన మనిషి స్ట్రాంగు రూములోకి నేరుగా నడిచి వెళ్ళి డబ్బు తీసుకోగలడా? తీసుకోలేడు. కౌంటరు దగ్గర నిలబడి బిల్లు ఇస్తాడు. లోపలివాళ్ళు దానిని పరిశీలించి, పాసు చేసి, కావలసింది బయటికి ఇస్తారు. కంప్యూటరులో కూడా అంతే. మనం వాడే ప్రోగ్రాములన్నీ కౌంటరుకు ఇవతల నిలబడినవే. డిస్కు మీద ఉన్న ఫైలు కావాలన్నా, తెర మీద ఒక అక్షరం కనపడాలన్నా కెర్నెల్‌కు దరఖాస్తు పెట్టుకోవాలి. ఆ దరఖాస్తును సిస్టమ్ కాల్ అంటారు. ఈ కౌంటరు వట్టి మర్యాదకు పెట్టినది కాదు. ప్రాసెసరులోనే రెండు హోదాలు ఉంటాయి. కెర్నెల్ హోదాలో అన్ని అధికారాలూ ఉంటాయి. మామూలు ప్రోగ్రాము హోదాలో ఉండవు. హద్దు మీరితే ప్రాసెసరే పట్టుకుని కెర్నెల్‌కు అప్పగిస్తుంది.

కెర్నెల్ చేసే పనులు ముఖ్యంగా నాలుగు. ఎవరి పని ఎంతసేపు ప్రాసెసరు ముందు ఉండాలో నిర్ణయించడం ఒకటి. ఎవరికి ఎంత మెమరీ కేటాయించాలో చూడడం రెండు. ఫైళ్ళు ఎక్కడ పెట్టిందీ గుర్తుంచుకోవడం మూడు. కీబోర్డు, డిస్కు, ప్రింటరు వంటి పరికరాలతో వాటి వాటి భాషలో మాట్లాడడం నాలుగు. ఇదంతా విని, "అంటే మా హెడ్ క్లర్కు, రికార్డు కీపరు, డఫేదారు ముగ్గురూ కలిసిన మనిషన్నమాట" అన్నాను. మా మనవరాలు చాలాసేపు నవ్వింది. చాలా రోజులకు నవ్వింది.

పూర్వం ఎలా ఉండేది?

నా రెండో ప్రశ్న ఇది. 1950లలో కంప్యూటరు అంటే గదంత యంత్రం. కార్డుల కట్ట తెచ్చి ఇచ్చి, మరునాడో ఎప్పుడో వచ్చి ఫలితం తీసుకుపోవాలి. అంత ఖరీదైన యంత్రాన్ని ఒకే సమయంలో చాలామంది వాడుకునే ఏర్పాటును అమెరికాలో ఎం.ఐ.టి.లో ఫెర్నాండో కోర్బాటో బృందం తయారుచేసి 1961 నవంబరులో ప్రదర్శించింది. ఒక అధికారి బల్ల మీద పది సెక్షన్ల ఫైళ్ళు ఉంటే, ఒక్కొక్క ఫైలు మీద కొన్ని క్షణాలు పనిచేసి పక్కన పెట్టి రెండోది తీసుకోవడం వంటిది ఆ పద్ధతి. చాలా వేగంగా తిరుగుతాడు కాబట్టి ప్రతి సెక్షనూ ఆయన తన ఫైలే చూస్తున్నాడని అనుకుంటుంది.

దీన్ని ఇంకా పెద్ద ఎత్తున చేయాలని ఎం.ఐ.టి., జనరల్ ఎలక్ట్రిక్, బెల్ ల్యాబ్స్ కలిసి మల్టిక్స్ అనే పథకం మొదలుపెట్టాయి. అది సాగి సాగి, 1969లో బెల్ ల్యాబ్స్ దానినుంచి తప్పుకున్నది. అక్కడ పనిచేసే కెన్ థాంప్సన్ అనే యువకుడికి చేతిలో పని లేకుండా పోయింది. న్యూజెర్సీ రాష్ట్రం మర్రే హిల్‌లోని ఆ ఆఫీసులో ఎవరూ పెద్దగా వాడని పి.డి.పి. 7 అనే చిన్న యంత్రం ఒకటి ఉంది. ఆ వేసవిలో ఆయన భార్య పసివాణ్ణి తీసుకుని కాలిఫోర్నియాకు చుట్టపుచూపుగా వెళ్ళింది. ఇంట్లో ఎవరూ లేని ఆ కొద్ది వారాలలో, ఒక్కొక్క భాగానికి వారం చొప్పున కూర్చుని ఆయన ఒక ఆపరేటింగ్ సిస్టమ్ రాసి నిలబెట్టాడు. అదే యూనిక్స్. తరువాత డెన్నిస్ రిచీ సి అనే భాషను రూపొందించగా, 1973లో యూనిక్స్ కెర్నెల్‌ను ఆ భాషలో తిరగరాశారు. ఒక యంత్రానికే కట్టుబడిన కెర్నెల్ వేరే యంత్రాలకు కూడా వెళ్ళడానికి అది దారి చేసింది.

ఆ 1969లోనే మన హైదరాబాదులో కూడా ఒక సంగతి జరిగింది. 1967లో స్థాపితమైన ఈ.సి.ఐ.ఎల్. సంస్థ తన టి.డి.సి. 12 కంప్యూటరును ఆ సంవత్సరమే వెలువరించింది. అప్పుడు నేను టైపు ఇన్‌స్టిట్యూటులో వేళ్ళు సరిచేసుకుంటున్నాను.

తెరిచిన ఫైలు, మూసిన ఫైలు

ఇక అసలు కథ. 1956 నాటి ఒక న్యాయపరమైన ఒప్పందం వల్ల బెల్ ల్యాబ్స్ యజమాని అయిన ఏ.టి.&టి. టెలిఫోను వ్యాపారం తప్ప వేరే వ్యాపారం చేయడానికి వీలులేదు. అందువల్ల యూనిక్స్‌ను అమ్ముకోలేక, విశ్వవిద్యాలయాలకు నామమాత్రపు రుసుముతో ఇచ్చింది. సోర్సు కోడు, అంటే మనిషి చదవగలిగిన మూలప్రతి, దానితోపాటే వెళ్ళింది. ఆ విధంగా ప్రపంచంలో చాలామంది విద్యార్థులు మొదటిసారిగా ఒక పూర్తి కెర్నెల్‌ను చదవగలిగారు.

చదవడం సులువు కాదు. యూనిక్స్ ఆరో సంచిక 1975లో వచ్చింది. అందులో కెర్నెల్ ఒక పని వదిలి ఇంకో పనికి మారే చోట రాసినవాళ్ళు ఒక వ్యాఖ్య పెట్టారు. దాని భావం, చదివేవాళ్ళకు ఇది అర్థం కావాలని మేము ఆశించడం లేదు అని. ఈ సంగతి చదవగానే మా మనవరాలు, "చూశారా తాతయ్యా, అక్కడా ఇదే మాట" అంది. ఇద్దరం ఇంకా వెతికాము. చాలా ఏళ్ళ తరువాత రిచీ దానికి సంజాయిషీ ఇచ్చారు. ఇది పరీక్షలో రాదులే అనే ధోరణిలో రాశామే గాని ఎవరినీ తక్కువ చేయడానికి కాదని ఒక మాట. రెండో మాట ఇంకా గొప్పది. అసలు అక్కడ ఏం జరుగుతున్నదో అప్పటికి తమకూ సరిగా అర్థం కాలేదని ఒప్పుకున్నారు. ఆ పద్ధతిలో దోషం ఉండగా తరువాతి సంచికలో మార్చారు. అంత పెద్దమనిషి అంత మాట రాసుకున్న తరువాత, ప్రశ్న అడిగినందుకు మనం సిగ్గుపడడం ఎందుకు?

ఆ మూలప్రతిని పిల్లలకు అరటిపండు ఒలిచి పెట్టిన మనిషి ఇంకొకరు ఉన్నారు. ఆస్ట్రేలియాలో సిడ్నీ నగరంలోని న్యూ సౌత్ వేల్స్ విశ్వవిద్యాలయంలో పనిచేసిన జాన్ లయన్స్. ఆయన 1976లో తన విద్యార్థుల కోసం ఆ కెర్నెల్ మూలప్రతిని, సుమారు తొమ్మిది వేల పంక్తులను, పంక్తులకు నంబర్లు వేసి అచ్చు వేయించాడు. దానితోపాటు వ్యాఖ్యానంగా రెండో పుస్తకం రాశాడు. మన పండితులు కావ్యానికి టీకాతాత్పర్యాలు రాసినట్టే. ఏ పంక్తి ఎందుకు ఉందో, అది లేకపోతే ఏమవుతుందో చెప్పుకుంటూ పోయాడు.

1979లో యూనిక్స్ ఏడో సంచిక వచ్చింది. దాని లైసెన్సులో, మూలప్రతిని తరగతి గదిలో పాఠంగా చెప్పకూడదని షరతు పెట్టారు. ఫైలుకు తాళం పడింది. లయన్స్ పుస్తకం కూడా బహిరంగంగా దొరకకుండా పోయింది. అప్పుడు విద్యార్థులు ఏం చేశారు? జిరాక్సులు తీశారు. జిరాక్సుకు జిరాక్సు, దానికి మళ్ళీ జిరాక్సు. అక్షరాలు అలుక్కుపోయేదాకా తీశారు. అలా ఇరవై ఏళ్ళు చేతులు మారిన తరువాత 1996లో ఆ పుస్తకం అధికారికంగా అచ్చయింది. 1998లో లయన్స్ కన్నుమూశారు.

జిరాక్సుల సంగతి మనకు కొత్తగాదు. ముఖ్యమైన జి.ఓ. ఒకటి వస్తే దాని ప్రతి సంపాదించడానికి మనం ఎన్ని సెక్షన్ల చుట్టూ తిరిగామో గుర్తు చేసుకోండి.

ఒక పంతులుగారు, ఒక కుర్రవాడు

తాళం పడిన తరువాత ఆమ్‌స్టర్‌డామ్‌లోని వ్రియ విశ్వవిద్యాలయంలో ఆండ్రూ టానెన్‌బామ్ అనే ఆచార్యుడికి చిక్కు వచ్చింది. ఆపరేటింగ్ సిస్టమ్‌ల పాఠం చెప్పాలి. చూపించడానికి మూలప్రతి లేదు. సూత్రాలు మాత్రమే చెబితే పిల్లలకు ఏమి ఎక్కుతుంది? ఆయన యూనిక్స్ పంక్తి ఒక్కటీ వాడకుండా, దానిలాగే పనిచేసే చిన్న సిస్టమ్‌ను సొంతంగా రాసి, 1987లో పాఠ్యపుస్తకంతో సహా వెలువరించాడు. దాని పేరు మినిక్స్. అది మామూలు పి.సి.లోనే నడిచేది. పిల్లలు చదువుకోవడానికి వీలుగా చిన్నదిగానే ఉండాలని ఆయన పట్టుదల.

ఆ పుస్తకం చదివినవారిలో ఫిన్లాండు దేశంలోని హెల్సింకి విశ్వవిద్యాలయ విద్యార్థి ఒకడున్నాడు. పేరు లీనస్ టోర్వాల్డ్స్. ఈయన కథలో నాకు బాగా నచ్చింది వాళ్ళ తాతగారు. అమ్మ తండ్రి, పేరు లియో టోర్న్‌క్విస్ట్, సంఖ్యాశాస్త్ర ఆచార్యుడు. ధరల సూచీ లెక్కకట్టడానికి ఆయన పేరుతో ఒక పద్ధతే ఉంది. మన కరువు భత్యం లెక్క దాని మీద ఆధారపడదు గాని, ధరల సూచీ అనగానే మన ప్రాణం లేచివస్తుంది కాబట్టి చెబుతున్నాను. ఆ తాతగారు ఒక చిన్న కంప్యూటరు కొనుక్కుని, పదేళ్ళు దాటిన మనవడి చేత దానిమీద ప్రోగ్రాములు టైపు చేయించేవాడు. అక్కడ మొదలైంది పిచ్చి.

1991 జనవరిలో టోర్వాల్డ్స్ ఒక 386 కంప్యూటరు కొన్నాడు. దాని ప్రాసెసరు ఒక పని నుంచి ఇంకో పనికి ఎలా మారుతుందో చూడాలని రెండు చిన్న పనులు రాశాడు. ఒకటి తెర మీద ఎ అనే అక్షరం రాస్తూ ఉంటుంది. రెండోది బి అనే అక్షరం రాస్తూ ఉంటుంది. కొన్ని ఎ లు, తరువాత కొన్ని బి లు, మళ్ళీ ఎ లు కనిపించాయి. లక్షల యంత్రాలను నడిపే కెర్నెల్ అలా మొదలైంది. నా చిన్నప్పుడు పలక మీద అ, ఆ దిద్దినట్టు.

ఆ సంవత్సరం జూలై 3న మినిక్స్ వాడుకరుల చర్చావేదికలో ఆయన ఒక చిన్న ప్రశ్న అడిగాడు. యూనిక్స్ వంటి సిస్టమ్‌లకు పోసిక్స్ అనే ప్రమాణం ఉంది కదా, దాని నియమావళి ఎక్కడ దొరుకుతుంది అని. కొత్తవాడు అడిగే ప్రశ్నే అది. ఆగస్టు 25న, తాను సరదాకు ఒక ఆపరేటింగ్ సిస్టమ్ రాస్తున్నాననీ, అది పెద్దదేమీ కాబోదనీ, మినిక్స్‌లో ఎవరికి ఏది నచ్చిందో ఏది నచ్చలేదో చెప్పమనీ రాశాడు. సెప్టెంబరులో మొదటి ప్రతి బయటికి వచ్చింది. పదివేల పంక్తుల పైచిలుకు. అదే లినక్స్. 1992లో దానిని జి.పి.ఎల్. అనే లైసెన్సు కిందికి తెచ్చాడు. దాని ప్రకారం ఎవరైనా చదవవచ్చు, మార్చవచ్చు, పంచవచ్చు. పంచినప్పుడు మాత్రం మూలప్రతి దాచకూడదు. ఆ లైసెన్సు రాసినది రిచర్డ్ స్టాల్‌మన్.

1992 జనవరిలో గురువుకూ శిష్యప్రాయుడికీ పెద్ద వాదం జరిగింది. కెర్నెల్ చిన్నదిగా ఉండి, మిగతా పనులు విడివిడి ప్రోగ్రాములు చేయాలని టానెన్‌బామ్ వాదన. అన్నీ ఒకే కెర్నెల్‌లో పెట్టడం పాతకాలపు పద్ధతి అన్నాడు. నువ్వు నా విద్యార్థివై ఉంటే మంచి మార్కులు వచ్చేవి కావు అని కూడా అన్నాడు. కుర్రవాడు కొంత దురుసుగానే జవాబిచ్చి, తరువాత ఆ దురుసుతనానికి క్షమాపణ చెప్పుకున్నాడు. ఇందులో ఎవరూ ఓడిపోలేదనే నా అభిప్రాయం. లినక్స్ ప్రపంచమంతా పాకింది. మినిక్స్ కూడా ఇంటెల్ ప్రాసెసర్ల లోపల యంత్ర నిర్వహణకు పెట్టిన ఒక భాగంలో నడుస్తున్నదని 2017లో బయటపడింది.

కొత్తవాళ్ళు తరచు అడిగే సంగతులు

మా నోటుబుక్కులోని కొన్ని ప్రశ్నలు, మా మనవరాలు చెప్పిన జవాబులు ఇక్కడ ఇస్తున్నాను. మీ ఇళ్ళలో ఈ చదువు చదివే పిల్లలు ఉంటే చూపించండి.

మామూలు ప్రోగ్రాములో తెర మీద ఒక మాట రాయడానికి ప్రింట్ఎఫ్ అనే ఆదేశం వాడతారు. కెర్నెల్‌లో అది ఎందుకు పనికిరాదు? ఆ ఆదేశం కౌంటరుకు ఇవతల ఉండే గ్రంథాలయంలోది. కెర్నెల్ కౌంటరుకు అవతల ఉంటుంది. అందుకని దానికి ప్రింట్‌కే అని వేరే ఆదేశం ఉంది. అది తన మాటలను ఒక చిట్టాలో రాసుకుంటుంది. ఆ చిట్టాను తరువాత మనం తెరిచి చదువుకోవాలి.

మామూలు ప్రోగ్రాములో తప్పు జరిగితే ఆ ఒక్కటే ఆగిపోతుంది. కెర్నెల్‌లో తప్పు జరిగితే యంత్రమే ఎందుకు ఆగిపోతుంది? కౌంటరు దగ్గర గలాటా చేసినవాణ్ణి లోపలివాళ్ళు బయటికి పంపగలరు. స్ట్రాంగు రూములో ఉన్నవాడే మతి తప్పితే పంపేవారెవరు? అందుకే కొత్తవాళ్ళు సొంత యంత్రం మీద ప్రయోగాలు చేయకూడదు. వర్చువల్ మెషీన్ అని, కంప్యూటరు లోపలే ఇంకో ఉత్తుత్తి కంప్యూటరు పెట్టుకుని, అందులో చేయాలి. అది పడిపోయినా అసలుది క్షేమం.

తాళాలు అంటారు, అవి ఎందుకు? ఒకే రిజిస్టరులో ఇద్దరు గుమాస్తాలు ఒకేసారి మొత్తం వేశారనుకోండి. ఇద్దరూ నూరు అని చూశారు. ఒకరు పది కలిపి నూటపది రాశారు. రెండోవారు అయిదు కలిపి నూటఅయిదు అని దానిమీదే దిద్దారు. పది గల్లంతు. ఈ రోజుల్లో కంప్యూటరులో ప్రాసెసర్లు ఒకటికి మించి ఉంటాయి కాబట్టి ఒకరు రాస్తున్నంతసేపు రెండోవారు ఆగాలి. దానికే తాళం. తాళం వేసి తీయడం మరచిపోతే ఆఫీసు ఆగిపోతుంది.

ఇంటరప్ట్ వచ్చినప్పుడు ఎక్కువసేపు పని చేయకూడదంటారు, ఎందుకని? సాహెబుగారి బెల్లు మోగితే చేతిలో పని ఆపి పరుగెత్తుతాం. అక్కడ చెప్పింది చీటీ మీద రాసుకుని వచ్చి, అసలు పని మన సీటులో కూర్చుని చేస్తాం. బెల్లు దగ్గరే కూర్చుని ఫైలు రాయం గదా! కెర్నెల్‌లోనూ అదే మర్యాద.

ఎక్కడ మొదలుపెట్టాలి? మూడు కోట్ల పంక్తులు దాటిన నేటి లినక్స్‌ను మొదటే చదవబోతే సముద్రం ఈదినట్టే. 2006లో ఎం.ఐ.టి. ఆచార్యులు విద్యార్థుల కోసం ఎక్స్‌వి6 అనే చిన్న కెర్నెల్ తయారుచేశారు. అది ఆ పాత యూనిక్స్ ఆరో సంచికనే నేటి యంత్రాలకు తగినట్టు తిరగరాసినది. లయన్స్ వ్యాఖ్యానం అందించిన సంప్రదాయంలోనే దానికీ వ్యాఖ్యానం ఉంది. కొన్ని వేల పంక్తులే. ముందు అది చదివి, తరువాత లినక్స్‌లో నమస్కారం అని ఒక్క మాట చిట్టాలో రాసే చిన్న మాడ్యూల్ చేయాలి. మా అమ్మాయి అదే చేసింది. తన చిట్టాలో ఆ మాట కనపడిన రాత్రి పదకొండింటికి నన్ను నిద్ర లేపి చూపించింది.

మన జేబులో

ఇదంతా మనకెందుకని అనుకోకండి. 2014 నవంబరులో కేంద్ర ప్రభుత్వం జీవన్ ప్రమాణ్ ప్రారంభించింది. మనం బతికే ఉన్నామని ఋజువు చేసుకోవడానికి మనలో చాలామంది పిల్లల ఆండ్రాయిడ్ ఫోను ముందు కూర్చుంటున్నాం. ఆండ్రాయిడ్ ఫోను లోపలి కెర్నెల్ లినక్సే. 2017 నవంబరు జాబితా నాటికి ప్రపంచంలోని అతివేగమైన అయిదు వందల కంప్యూటర్లన్నిటిలోనూ అదే. మన దేశంలో సి-డాక్ సంస్థ దానిమీద ఆధారపడి బాస్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ తయారుచేసింది. హైదరాబాదులో స్వేచ్ఛ అనే బృందం అదే లినక్స్ మీద తెలుగులో కనిపించే సిస్టమ్ తయారుచేసింది. మూలప్రతి మూసి ఉంటే మన భాషను అందులో పెట్టుకోవడానికి ఎవరి అనుమతికి ఎన్నేళ్ళు ఎదురుచూడవలసి వచ్చేదో!

ఈ చరిత్ర అంతా చదివాక నాకు తోచింది ఒక్కటే. జ్ఞానాన్ని దాచిన ప్రతిసారీ ఎవరో ఒకరు కొత్తగా రాసుకున్నారు, దాచినవారి పేరు మాత్రం నిలవలేదు. నేర్పినవారి పేరు నిలిచింది.

ఇక నా బాకీ.

1986 వేతన సవరణ వచ్చినప్పుడు నేను సీనియర్ అసిస్టెంటును. స్థిరీకరణ లెక్కలన్నీ, ఆప్షను ఎప్పుడు ఎలా ఇవ్వాలో, ఏ జి.ఓ. ఏది చెబుతుందో, ఉదాహరణలతో సహా ఒక నోటుబుక్కులో రాసుకున్నాను. దాన్ని సొరుగులో పెట్టి తాళం వేసేవాణ్ణి. ఆ నోటుబుక్కు వల్లనే ఆఫీసులో నాకు విలువ అనుకునేవాణ్ణి. కొత్తగా చేరిన ఒక కుర్రవాడు నా దగ్గరకు వచ్చి, "సార్, ఇంక్రిమెంటు తేదీ దాకా పాత స్కేలులో ఉంటే లెక్క ఎలా మారుతుంది?" అని అడిగాడు. "ఆ మాత్రం తెలియకుండా ఉద్యోగానికి ఎలా వచ్చావయ్యా?" అన్నాను. నలుగురూ నవ్వారు. అతను మళ్ళీ ఎప్పుడూ నన్ను అడగలేదు. పాత ఫైలు ఒకటి చూసి తన సెక్షనులో కొన్ని లెక్కలు అలాగే వేశాడు. ఆడిట్‌లో అవి తప్పని తేలాయి. కొందరి జీతాల నుంచి రికవరీ పెట్టారు. అతనికి మెమో వచ్చింది, ఒక ఇంక్రిమెంటు ఆగింది. సరైన లెక్క అతని బల్లకు ఆరడుగుల దూరంలో, నా సొరుగులో ఉంది.

ఆయన కూడా ఇప్పుడు విశ్రాంత ఉద్యోగే. మన సంఘ సభ్యుడే. సమావేశాలలో నాకు కుర్చీ జరిపి కూర్చోబెడతాడు. ఆ సంగతి ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా ఎత్తలేదు. పేరు రాయను. ఈ సంచిక ఆయన ఇంటికీ వస్తుంది. తమ్ముడూ, ఆ రోజు నువ్వు అడిగిన ప్రశ్న సరైనది. జవాబు చెప్పకపోవడం నా తప్పు. ఈ మాట నీతో అనడానికి నాకు ఇన్నేళ్ళు పట్టింది.

ఆ పాత నోటుబుక్కు వెతికి తీశాను. అంచులు చెదలు తిన్నాయి. ఆ స్కేళ్ళు ఇప్పుడు ఎవరికీ పనికిరావు. కాని కుటుంబ పింఛను, కమ్యుటేషను, వైద్య ఖర్చుల రీయింబర్సుమెంటు, ఇవన్నీ తెలిసినవారు మనలో ఇంకా ఉన్నారు. భర్త పోయిన ఇల్లాలు ఏ కాగితం ఎక్కడ ఇవ్వాలో తెలియక మన ఆఫీసు గుమ్మం దగ్గర సంకోచిస్తూ నిలబడడం మనం చూస్తూనే ఉన్నాం. తెలిసిన ప్రతి ఒక్కరూ తమకు తెలిసింది సులువైన తెలుగులో నాలుగు పేజీలు రాసి సంఘం ఆఫీసులో ఇస్తే, జిరాక్సు ఖర్చు నేను పెట్టుకుంటాను. నా వంతుగా కుటుంబ పింఛను గురించి నాలుగు పేజీలు రాసి కార్యదర్శిగారికి ఈ వ్యాసంతోపాటే అందజేశాను.

మా మనవరాలు ప్రాజెక్టు ఇంకా పూర్తి కాలేదు. నిన్న క్లాసులో మళ్ళీ లేచి ఒక ప్రశ్న అడిగిందట. జవాబు వచ్చిందా అని అడిగాను.

"రాలేదు తాతయ్యా. వెతికి చెబుతానన్నారు" అంది.